వంతుకి ముందే వచ్చిన వయొలిన్

శనివారం పొద్దున పదకొండింటికి పార్సిలు వచ్చేసరికి పళ్ళ డాక్టరు చేతిలో ఒక పెద్దమనిషి కింది దవడ ఉంది.

నొప్పి పై వరసలో అని పెద్దమనిషి చెప్పాలనుకున్నాడు. కానీ నోట్లో దూది, ఉమ్మి లాగే గొట్టం, చిన్న అద్దం, డాక్టరుగారి రెండు వేళ్ళు కాపురం పెట్టి ఉండడంచేత "ఆవవావ" అని మాత్రం అన్నాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం మీద డాక్టరుకి ఆ భాష చక్కగా వచ్చు. అందులో వ్యాకరణం కూడా రాయగలడు. ఆ రోజు మాత్రం వినపడలేదు. చెవులు రెండూ బయట కౌంటరు మీద పెట్టి వచ్చాడు.

"పార్సిలండీ, సంతకం పెట్టాలి" అంటోంది బయట ఒక గొంతు.

"టోకెను ఉందా?" అంది అక్క గొంతు.

"నాకు పన్ను నొప్పి లేదండీ."

"అదృష్టవంతుడివి. అయినా సరే, నీ ముందు నలుగురున్నారు. కూర్చో."

పార్సిలు మనిషి ఒళ్ళో పార్సిలు పెట్టుకుని ఐదోవాడిగా కూర్చున్నాడు. లోపల డాక్టరుకి ముళ్ళ మీద నిలబడ్డట్టుంది. డ్రిల్లు తిప్పే పెడల్ మీద కాలు దానంతటది ఆడుతోంది. చేతిలో డ్రిల్లు ట్ర్‌ర్, ట్ర్‌ర్ర్ర్ అని తాళం వేస్తోంది. అది ఇంకా నోట్లోకి దిగలేదు కాబట్టి ప్రమాదం లేదు గానీ, పెద్దమనిషి కళ్ళు మాత్రం నొసటి మీదికి ఎక్కి కూర్చున్నాయి. చివరికి ఆయనే డాక్టరు చెయ్యి పట్టుకుని, వేలితో పై పన్ను చూపించాడు.

"ఆఁ, అదే చూస్తున్నా" అన్నాడు డాక్టరు, సిగ్గుపడి.

అక్క ఆ కౌంటరు వెనక ఇరవై ఏడేళ్ళుగా కూర్చుంటోంది. డాక్టరుకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. చెంప ఉబ్బి చెంబంత అయినా, ఎంత గొప్ప ఇంటివాళ్ళైనా, ఆవిడ నంబరు పిలిచేదాకా ఆ తలుపు దాటడానికి లేదు. ఒకసారి డాక్టరు మామగారు వచ్చి "అల్లుణ్ణి చూసి పోదామని వచ్చానమ్మా" అంటే, "చూడండి, తప్పేముంది, పదకొండో నంబరుకి" అని టోకెను చేతిలో పెట్టింది. ఆయన ఇప్పటికీ అల్లుడింటికి రావాలంటే ముందు ఏ పన్ను నొప్పి అని చెప్పాలో ఆలోచించుకుంటాడు. ఆవిడకి పళ్ళు తోమనివాళ్ళ మీద కూడా అంత కోపం లేదు. వంతు రాకుండా కుర్చీలోంచి లేచేవాళ్ళని చూస్తే మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది.

ఎందుకో తెలిసినవాడు డాక్టరు ఒక్కడే.

నలభై ఒక్క ఏళ్ళ కిందట అక్క వయొలిన్ వాయించేది. ఒక సినిమాకి రీరికార్డింగులో కూర్చుంది కూడా. రీరికార్డింగంటే, తెర మీద బొమ్మ ఆడుతుంటే కింద వాద్యబృందం కూర్చుని, మాటల వెనక వినపడే సంగీతాన్ని బొమ్మకి సరిగ్గా అతికేలా వాయించడం. ఆ సినిమాలో ఒక స్టేషను ఘట్టం ఉంది. ఒకావిడ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది. రైలొచ్చి ఆగుతుంది. అందరూ దిగిపోతారు. ఆఖరి పెట్టె తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు వయొలిన్లన్నీ కలిసి లేవాలి. లేచాయి. కానీ మూడో వరసలో ఒక్క వయొలిన్ మాత్రం, తలుపింకా తెరుచుకోకముందే, ఒక ఊపిరంత ముందుగా లేచింది. ఒక్క కమాను లాగుడు. వరసలో కూర్చున్నది వరస తప్పింది. స్టూడియో గంటలు అయిపోవస్తున్నాయని సంగీత దర్శకుడు గడియారం చూసి, "పోనీ, తర్వాతది" అన్నాడట. ఆ తర్వాత అక్కకి మాత్రం తర్వాతది లేకపోయింది. తాళం తప్పిందని తలుపుకే తాళం వేశారు. వయొలిన్ పెట్టె బీరువా పైకెక్కింది. తమ్ముడు ఆసుపత్రి తెరిచాక అక్క కౌంటరులోకి దిగింది.

సినిమా వారం ఆడి వెళ్ళిపోయింది. దాని సంగీతం మాత్రం రికార్డుగా వచ్చి, పోగుచేసే పిచ్చివాళ్ళ చేతుల్లో బంగారమైంది. ఆ పిచ్చివాళ్ళలో డాక్టరు ఒకడు. పగలంతా నోట్లో చెయ్యి, ఆదివారం నోటు మీద మనసు అనేవాడు తన గురించి తనే. ఆ రికార్డు మొత్తంలో అతనికి కావలసింది ఆ ఒక్క కమాను లాగుడే. అందరినీ కూర్చోబెట్టే అక్క, తను ఆగలేకపోయిన ఒకే ఒక్క క్షణం అందులో ఉంది. ఇరవై అయిదేళ్ళ అక్క ఇంక ఎక్కడా లేదు, రికార్డు మీది ఆ గీతలో తప్ప. ఆవిడ మాత్రం ఆ ఊసెత్తదు. అందుకని ఆదివారం పొద్దున ఆవిడ నడకకి వెళ్ళిన గంటన్నరలోనే డాక్టరు దాన్ని వేసుకుంటాడు.

ఇప్పుడు ఆ రికార్డుకే కొత్త ముద్రణ వచ్చింది. ప్రకటనలో రెండు వాక్యాలున్నాయి. "మూల టేపులను శుభ్రపరచి, ఆనాటి లోపాలన్నీ సవరించాం" అని ఒకటి. "వాద్యబృందంలో ప్రతి ఒక్కరి పేరుతో తొలిసారిగా చిన్న పుస్తకం" అని రెండోది. నెల రోజులుగా ఈ రెండు వాక్యాలూ డాక్టరు కడుపులో కుస్తీ పడుతున్నాయి. పాత అట్ట మీద సంగీత దర్శకుడి పేరుంది, నిర్మాత పేరుంది, నిర్మాత భార్య పేరుంది. వాయించినవాళ్ళ పేర్లు లేవు. అంటే పాతదాంట్లో అక్క ఉంది, పేరు లేదు. కొత్తదాంట్లో పేరుంది. అక్క ఉందో, లోపమని లాగి పారేశారో?

రెండూ ఉంచుకోవచ్చు కదా అని మీరు అనొచ్చు. అక్కడే ఉంది తిరకాసు. సంఘం రూలు ఒప్పుకోదు.

సంఘమంటే రికార్డులు పోగుచేసే ముగ్గురు. డాక్టరు, ప్రూఫు మాస్టారు, వాల్యూమ్. ప్రూఫు మాస్టారు ముప్ఫై అయిదేళ్ళు అచ్చాఫీసులో తప్పులు దిద్ది రిటైరయ్యాడు. జేబులో ఎర్ర పెన్ను ఇంకా రిటైరవలేదు. హోటల్లో పట్టిక తెచ్చిస్తే తినేది చెప్పకముందే రెండు దీర్ఘాలు సరిచేస్తాడు. ఎప్పుడైనా పొరపాటున మంచి మాటనే కొట్టేస్తే దాని కింద వరసగా చుక్కలు పెడతాడు. ఆ చుక్కలకి "దిద్దొద్దు, ఉన్నది ఉన్నట్టు ఉండనీ" అని అచ్చాఫీసు భాషలో అర్థమట. "నా ఉద్యోగం మొత్తంలో చుక్కలు పెట్టింది పది పదిహేనుసార్లేనోయ్" అని గర్వంగా చెబుతాడు.

వాల్యూమ్ లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు గోతిలో అడుగున నిలబడి తొమ్మిదో అంతస్తువాడితో మాట్లాడీ మాట్లాడీ, పక్కనున్నవాడితో కూడా తొమ్మిదో అంతస్తుకి వినపడేట్టే మాట్లాడతాడు. ఒకే ఆల్బం నాలుగు ముద్రణలూ కొని నాలుగింటికీ కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. అతని ఇంట్లో రికార్డుల మధ్య మనుషులు అద్దెకున్నట్టుంటారు. అతన్ని ఆపడానికే నాలుగేళ్ళ కిందట డాక్టరు రూలు పెట్టాడు: కొత్త ముద్రణ ఇంట్లోకి రావాలంటే పాతది బయటికి పోవాలి. సంఘం పెట్టెలో పడెయ్యాలి. చీటీ ఎవరికొస్తే వాళ్ళది. కొత్తది వచ్చినా ముగ్గురూ కలిసే ఆదివారం దాకా విప్పకూడదు. విని, "మార్చు" అనో "ఉంచు" అనో అప్పటికప్పుడు చెప్పాలి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే అన్నట్టు, లిఫ్టు గొయ్యి వాల్యూమ్‌దైతే పడింది డాక్టరు.

పార్సిలు మనిషి వంతు రానే వచ్చింది. ఆ సాయంత్రం డాక్టరు పార్సిలుని ఊపి చూశాడు, వాసన చూశాడు, టేబులు మీంచి మంచం మీదికి, మంచం మీంచి బీరువాలోకి మార్చాడు.

"ఆ గోడకి ఇంక చోటు లేదు. అది లోపలికొస్తే మీరు బయటికి" అంది ఇల్లాలు.

"అదేగా రూలు" అన్నాడు డాక్టరు. కాలుగాలిన పిల్లిలా మూడుసార్లు మేడ దిగాడు, మూడుసార్లు ఎక్కాడు.

ఆదివారం పొద్దున అక్క చెప్పులేసుకుని మలుపు తిరిగిందని కిటికీలోంచి రూఢి చేసుకున్నాకే డాక్టరు ఆసుపత్రి తలుపు తీశాడు. రోగులు కూర్చునే హాలే సంఘం సభాస్థలి. స్పీకర్లు హాల్లో ఉంటాయి. రికార్డు ప్లేయరు మాత్రం వెనక గదిలో, రోగుల పళ్ళకి అచ్చు తీసిన సున్నపు దవడల మధ్య. దవడలన్నీ నోళ్ళు తెరుచుకుని ఎప్పుడూ పాటకి సిద్ధంగా ఉంటాయి.

"మార్చెయ్ డాక్టరూ!" అంటూనే లోపలికొచ్చాడు వాల్యూమ్. "ఆ పాతదాంట్లో ఒకటే చిటపట చిటపట. గొడుగేసుకుని వినాలి దాన్ని!"

"ఆ చిటపట లేకపోతే నాకు నిద్ర పట్టదోయ్" అన్నాడు మాస్టారు, కుర్చీ వెతుక్కుంటూ.

"మీకు సంగీతం కావాలా, నిద్ర కావాలా?"

"నీతో మాట్లాడాక రెండూ ఉండవు. రీమాస్టరింగట, రీమాస్టరింగు! అసలు మాస్టరు పోయి పాతికేళ్ళయింది. ఆయన బతికుండగా చేసిందానికి ఈ రీమాస్టరెవడోయ్?"

"మీరూ రిటైరయ్యారు కదండీ మాస్టారూ. అంటే టైరు మళ్ళీ వేశారనా?" అని వాల్యూమ్ తన జోకుకి తనే నవ్వాడు. కిటికీ అద్దాలు కూడా కాస్త నవ్వాయి. "నేను చెప్పేది వినండి. లిఫ్టుకి గ్రీజు పూయాలా వద్దా? పూయకపోతే కిర్రుమంటుంది. కిర్రుమంటే జనం మెట్లెక్కి పోతారు. అంతే!"

"గ్రీజు పూయి, కాదనను. తొమ్మిదో అంతస్తుని ఎనిమిది చెయ్యకు. ఏం డాక్టరూ, మాట్లాడవేం? ఇవాళ నీ కుర్చీలో ముల్లుందా?"

డాక్టరు అప్పటికి కూర్చుని లేచి, లేచి కూర్చుని, టోకెన్ల గిన్నెలో టోకెన్లన్నీ ఒకటి నుంచి ముప్ఫై దాకా పేర్చి, మళ్ళీ కలిపేశాడు.

"పంటి మీద గార గీకితే స్కేలింగు. గీకొచ్చు, మంచిదే" అన్నాడు. "వంకర పన్నుని వరసలోకి నెడితే మాత్రం అది వేరే పని. మనిషి నవ్వే మారిపోతుంది."

"ఆ నెట్టడానికేగా నీకు ఫీజు!" అన్నాడు వాల్యూమ్.

"అడిగినవాళ్ళకే నెడతాను. సంతకం తీసుకుని నెడతాను. అడక్కుండా నెడితే..." అని ఆగిపోయాడు.

"అదీ మాట!" అన్నాడు మాస్టారు. "రేప్పొద్దున ఆ స్టేషను ముక్కలో వయొలిన్ని ముట్టుకుంటారేమో, నా భయం అదీ. నా వ్యాసం సంగతేం కాను?"

మాస్టారి వ్యాసం సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. రాకపోతే ఆయన ఊరుకోడు. "తలుపుకి ముందే తెరుచుకున్న గుండె" అని పన్నెండు పేజీలు, ఆ ఒక్క కమాను లాగుడు మీద. ఆ వయొలిన్ ముందుగా రావడం సంగీత దర్శకుడి మహాప్రతిభ అనీ, వచ్చేవాడు రాకముందే ఆవిడ మనసుకి తెలిసిపోయిందని చెప్పడానికే ఆయన అలా వేయించాడనీ సారాంశం. ఊళ్ళో ప్రతి తప్పునీ పట్టే మాస్టారు, తప్పుని తప్పనుకోనిది ఇదొక్కటే. డాక్టరు పన్నెండు పేజీలకీ తలూపాడు గానీ, ఆ వాయించింది కౌంటరు దగ్గర మీకు టోకెనిచ్చే మనిషే అని ఒక్కసారీ చెప్పలేదు. చెబితే మాస్టారికి కోపం, అక్కకి తెలిస్తే అక్కకి కోపం. కరవమంటే కప్పకి, విడవమంటే పాముకి.

"సరే, మాటలెందుకు! గంతల పరీక్ష పెట్టు" అన్నాడు వాల్యూమ్.

గంతల పరీక్ష కూడా సంఘం కట్టుబాటే. ఇద్దరు కళ్ళకి గుడ్డ కట్టుకుంటారు. మూడోవాడు లోపల పాతదీ కొత్తదీ తనకి నచ్చిన క్రమంలో వేస్తాడు. ఏది కొత్తదో, ఏది గొప్పదో కళ్ళతో పని లేకుండా చెవులు తేల్చాలి. రోగుల మెడకి కట్టే ఆకుపచ్చ గుడ్డలు ఇద్దరూ కళ్ళకి కట్టుకుని, ఆపరేషనుకి సిద్ధమైనవాళ్ళలా కూర్చున్నారు.

డాక్టరు వెనక గదిలోకి వెళ్ళి పాతది వేశాడు. ప్లాట్‌ఫారం. రైలు కూత. దిగేవాళ్ళ సందడికి బదులు డ్రమ్ములు. ఆపైన నిశ్శబ్దం. అందులోకి అక్క, ఎప్పటిలాగే, ఒక ఊపిరి ముందు. ఆ వెనక మిగతా వయొలిన్లన్నీ.

"ఒకటి అయింది!" అని అరిచి, పార్సిలు విప్పాడు. కొత్త రికార్డు నల్లగా నిగనిగలాడుతోంది. రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని ప్లేయరు దాకా తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. వేల పళ్ళు పీకిన చేతులు, ఈ ఒక్కటి పీకేశారేమో చూడడానికి రావడం లేదు. "ఏమయ్యా, నిద్రపోయావా?" అని హాల్లోంచి వాల్యూమ్ కేక. డాక్టరు గబగబా కొత్తదాన్ని కవర్లోకి తోసేసి, మళ్ళీ పాతదే వేశాడు.

రైలు మళ్ళీ వచ్చింది. అక్క మళ్ళీ తొందరపడింది.

"రెండు అయింది" అన్నాడు నీరసంగా.

"రెండోదే కొత్తది!" గుడ్డ విప్పకుండానే లేచాడు వాల్యూమ్. "అబ్బబ్బ! ఆ డ్రమ్ములు చూశారా? కడుపులోకి దిగాయి! చిటపట అన్న మాట లేదు, గొడుగు మూసెయ్యొచ్చు!"

"రెండోదే కొత్తది. అందులో నాకూ అనుమానం లేదు" అన్నాడు మాస్టారు కూర్చునే. "ప్రాణం పోయింది. ప్లాస్టిక్ పువ్వు. మొదటిదాంట్లో గాలి ఉందోయ్, గదిలో గాలి! రెండోదాంట్లో గాలి తీసేశారు."

"గాలి మీ చెవుల్లో ఉంది!"

"నీ చెవులు లిఫ్టు గోతిలో వదిలొచ్చావు! అయితే ఒకటి ఒప్పుకుంటాను. పాపం, వయొలిన్ని ముట్టుకోలేదు. ఉన్నచోటే ఉంచారు."

పది నిమిషాలు, ఒకే రికార్డుకి ఉన్న తేడాల మీద ఇద్దరూ ప్రాణాలకి తెగించి పోట్లాడారు. డాక్టరు వెనక గది గుమ్మంలో నిలబడి, నిజం చెబుదామని నోరు తెరవడం, మూయడం. సున్నపు దవడలే నయం, తెరిచింది తెరిచినట్టుంచాయి.

"రెండుసార్లూ పాతదే వేశాడు వీడు."

అక్క. వీధిగుమ్మంలో నిలబడి చెప్పులు విడుస్తోంది. నడక గంటన్నర, అయింది అరగంట.

వాల్యూమ్ గుడ్డ కిందికి లాగి, ఒక కంటితో చూశాడు. "అక్కయ్యగారా? భలేవారే! రెండోదాంట్లో ఆ డ్రమ్ములు..."

"డ్రమ్ముల సంగతి నాకు తెలీదు బాబూ. లోపాలన్నీ సవరించారని పార్సిలు మీదే రాసుంది. రెండుసార్లూ నేను ముందొచ్చానుగా."

మాస్టారు గుడ్డ విప్పుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. అక్కని చూశాడు, డాక్టరుని చూశాడు. డాక్టరు నేల చూశాడు.

"మీరా?" అన్నాడు మాస్టారు.

"మూడో వరస, గోడ పక్క కుర్చీ."

"మరి... పన్నెండు పేజీలు..."

"చదివాను. ఓసారి కౌంటరు మీద మర్చిపోయి పోలేదూ? బాగా రాస్తారు మీరు. సంగీత దర్శకుడి మహాప్రతిభ అన్నారు. ఆ మహాప్రతిభ ఆ సాయంత్రం నన్ను ఎన్ని మాటలందో అచ్చు వేస్తే పదమూడో పేజీ అయ్యేది."

మాస్టారు మొహం, కొత్తగా పీకించుకున్నవాడి మొహంలా అయిపోయింది. వాల్యూమ్ జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించాడు. "అసలెందుకు ముందొచ్చారు అక్కయ్యగారూ? తుమ్మొచ్చిందా?"

"తుమ్మా తుమ్మజిగురా! ముందున్న కాగితం చూడాలి, లేదా చెయ్యూపే ఆయన్ని చూడాలి. నేను తెర చూశాను. ఆవిడ అలా నిలబడే ఉంది పాపం, అందరూ దిగిపోయారు. ఆ తలుపు ఎంతకీ తెరవడేం? నాకు ఆగబుద్ధి కాలేదు. అంతే."

"తొమ్మిదో పేజీ" అన్నాడు మాస్టారు మెల్లిగా. "తొమ్మిదో పేజీలో అదే రాశాను నేను. మనిషి పేరు తప్పు రాశాను, అంతే."

"నువ్వు ఇంత తొందరగా వచ్చేశావేం అక్కా?" అన్నాడు డాక్టరు.

"నేను మలుపు దగ్గర ఆగుతాను రోజూ. అంటే, ఆదివారం ఆదివారం. ఆ ముక్క అయ్యేదాకా ఆగి, అప్పుడు నడుస్తాను. ఇవాళ రెండుసార్లు వినపడింది. నీకేదో అయిందని వెనక్కొచ్చాను." అక్క చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ నాకు తెలియకుండా వింటున్నాననుకున్నావా? ఈ లిఫ్టాయన గొంతూ మీ స్పీకర్లూ వీధి వీధంతా వింటుంది. సరే, కొత్తది వెయ్యి."

"వద్దక్కా."

"వెయ్యమన్నాను. దాని వంతు వచ్చింది."

ఆ గొంతు విన్నాక ఆగిన రోగి ఇంతవరకు లేడు. డాక్టరు కొత్తది వేశాడు.

నిజంగానే శుభ్రంగా ఉంది. గార గీకిన పళ్ళలా తళతళలాడుతోంది ప్రతి వాద్యమూ. రైలు వచ్చింది. డ్రమ్ములు దిగిపోయాయి. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఏమీ లేదు. తలుపు తెరుచుకున్నాక వయొలిన్లన్నీ ఒక్కసారిగా, బడిపిల్లల్లా బుద్ధిగా లేచాయి. పన్ను పీకిన సందులోకి నాలుక వద్దన్నా పోయినట్టు, నలుగురి చెవులూ ఆ ఖాళీలోకే పోతున్నాయి.

"కూర్చోబెట్టేశారు" అంది అక్క.

డాక్టరు వెళ్ళి రికార్డు మీంచి ముల్లు ఎత్తేసి వచ్చాడు.

"ఇరవై ఏడేళ్ళు నేను అందరినీ కూర్చోబెట్టాను. ఇప్పుడు నన్ను కూర్చోబెట్టారు." నవ్విందో లేదో డాక్టరుకి తెలియలేదు. ఆవిడ పళ్ళు కనబడ్డాయి గానీ, పళ్ళు కనబడ్డవన్నీ నవ్వులు కావని అతని వృత్తి అతనికి నేర్పింది.

వాల్యూమ్ ఏదో ఒకటి చెయ్యాలని పార్సిలు పెట్టెలోంచి చిన్న పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఇరవై రెండో పేజీలో అక్క పేరు, ఇంటి పేరుతో సహా, వీధి చివరిదాకా వినపడేట్టు చదివాడు. అక్క కళ్ళజోడు తెప్పించుకుని, ఆ పేరు మీద వేలు పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"అచ్చులో బాగుంది" అంది. "అమ్మ ఉంటే చూపించేదాన్ని."

డాక్టరు ఇక ఆగలేకపోయాడు. "చెప్పక్కా, ఏదుంచను? ఇప్పుడే చెప్పాలి, రూలు. దీంట్లో నీ పేరుంది, దాంట్లో నువ్వున్నావు. ఒకటి పోవాలి. నెలరోజులుగా నాకు తిండి సయించడం లేదు, నిన్న కిందపన్నుకి పైపన్ను తీయబోయాను!"

"పైపన్నుకి కిందపన్ను" అంది అక్క. "ఆయన పోతూ పోతూ నాకు చెప్పే పోయాడు. ఈ రూలెవడు పెట్టాడు?"

"నేనే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ పాత కవరు ఇలా పట్రా."

తెచ్చాడు. నలభై ఒక్క ఏళ్ళుగా ఒక్క గీత పడని అట్ట, మూలలు కూడా నలగలేదు. వాల్యూమ్ దాన్ని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుంటాడు. అక్క దాన్ని కౌంటరు మీద వెల్లకిలా పడేసి, టోకెన్లు రాసే పెన్ను తీసి, మూత నోటితో లాగింది.

"అక్కయ్యగారూ!" తొమ్మిదో అంతస్తు దాటి ఆకాశానికి పోయింది వాల్యూమ్ గొంతు. "మొదటి ముద్రణ! మొదటి ముద్రణండీ! పెన్నుతోనా? పెన్సిలైనా..."

అక్క వినలేదు. సంగీత దర్శకుడి పేరు కింద, నిర్మాత భార్య పేరు పక్కన, టోకెన్ల మీద నంబర్లు వేసేంత లావుగా "మూడో వరస వయొలిన్" అని రాసింది. పక్కన తన పేరు. ఆ పక్కన "కొంచెం ముందు" అని రాసి, పెన్ను మూత పెట్టింది.

వాల్యూమ్ కుర్చీలో కూలబడ్డాడు. మాస్టారు లేచి కౌంటరు దగ్గరికి వచ్చాడు. చెయ్యి దానంతటది జేబులోకి పోయి ఎర్ర పెన్ను తీసింది. ఇప్పుడేం దిద్దుతాడీయన? మాస్టారు వంగి, అక్క రాసినదాని కింద, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, వరసగా చుక్కలు పెట్టాడు. ఒక్కొక్కటీ ఆగి ఆగి, సమానంగా.

"ఏమిటవి?" అంది అక్క.

"మా ఆఫీసు భాషలెండి" అన్నాడు మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. డాక్టరు అర్థం చెప్పలేదు.

"ఇంక దీన్ని చిత్తుకాగితాలవాడు కూడా కొనడు" అన్నాడు వాల్యూమ్.

"అమ్మేదెవడు?" అన్నాడు డాక్టరు. "ఉంచు. ఇదే ఉంచు. కొత్తది వెనక్కి పంపిస్తా."

"పంపావంటే ఊరుకోను" అంది అక్క. "అది నాది. నేను మీ సంఘంలో లేను, నాకు రూలు లేదు. పేరు చూసుకోవడానికి అదుంటుంది. వినడానికి ఇదుంటుంది. ఏం, తప్పా?"

ముగ్గురు సంఘ సభ్యులూ నాలుగేళ్ళుగా తట్టని సంగతి తట్టినట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాల్యూమ్ అయితే తన భార్యని ఏ సంఘంలోనూ చేర్పించకుండా ఉండడమెలాగా అని అప్పుడే ఆలోచనలో పడ్డాడు.

"ఇంకోసారి వెయ్యరా, పాతది" అంది అక్క. కౌంటరు వెనక్కి పోలేదు. రోగుల వరసలో, మాస్టారికీ వాల్యూమ్‌కీ మధ్యనున్న కుర్చీలో కూర్చుంది. ఆ వరసలో ఆవిడ కూర్చోవడం డాక్టరు ఎప్పుడూ చూడలేదు.

రికార్డు మీద ముల్లు పెట్టి వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. చిటపట మొదలైంది. ప్లాట్‌ఫారం. కూత. డ్రమ్ములు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయాయి. లేని పెడల్ని తొక్కుతూ డాక్టరు కాలు ఆడుతూనే ఉంది. ఎన్ని వందలసార్లు విన్నా, వస్తుందా రాదా అనే ఆదుర్దా అతనికి పోలేదు. నిశ్శబ్దం వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. వయొలిన్ కూడా ఇంకా రాలేదు.

అక్క ఒళ్ళో పెట్టుకున్న ఎడమచేతి చూపుడువేలు మాత్రం, లేని తీగ మీద, అప్పుడే పడిపోయింది.